మూడు వందల నలభయ్యో గది

పై ఫ్లాటువాళ్ళు వంటింటి గట్టు మార్పిస్తున్నారు. ఆదివారం పొద్దున్న తొమ్మిదైనా కాకముందే గ్రానైటు కోసే మిషను మొదలైంది. కిటికీలు మూశాను, బాల్కనీ తలుపు వేశాను, ఫ్యాను పెంచాను. చప్పుడు కాస్త తగ్గింది గానీ వాసన తగ్గలేదు. నీళ్ళు పడ్డ రాతిపొడికి ఒక వాసన ఉంటుంది. కొంచెం కాలినట్టు, కొంచెం ఇనుములాగా, ముక్కు లోపల గరుకుగా తగులుతుంది. బెంగళూరు హూడిలోని ఈ ఫ్లాటుకి వచ్చి ఏడేళ్ళయింది, నా వయసు నలభైకి దగ్గర పడింది. అయినా ఆ వాసన తగిలితే నాకు పదకొండేళ్ళే.

అసలే ఆ పొద్దున నా తల వేడెక్కి ఉంది. డైనింగ్ టేబుల్ నిండా థర్మకోల్ ముక్కలు, జిగురు సీసా, కత్తెరలు. మా పెద్దమ్మాయి అమూల్య మర్నాడు స్కూల్లో ఇవ్వాల్సిన ప్రాజెక్టు అది. రాష్ట్రపతి భవన్ చరిత్ర, నమూనా కట్టి తేవాలి, రెండు నిమిషాలు మాట్లాడాలి. టీచరు చెప్పి పది రోజులైందట. నాకు చెప్పింది నిన్న సాయంత్రం. చిన్నది ఆద్య థర్మకోల్‌ని గోటితో గిల్లి తెల్లటి గుండ్లన్నీ ఫ్యాను కింద ఎగరేస్తోంది. మా ఆయన కూరగాయలకని వెళ్ళి గంటయింది, ఈ పని అయ్యేదాకా ఆయన రాడని నాకు తెలుసు.

"ఎవరు కట్టారే ఆ భవనాన్ని?" అని అడిగాను.

అమూల్య ఫోన్ చూసి ఒక ఇంగ్లీషు దొర పేరు చదివింది.

"ఆయన గీశాడు. కట్టింది ఎవరు?"

"అమ్మా, ఆన్సర్ ఇదే. మిస్‌కి కూడా ఇదే కావాలి. నువ్వు క్వశ్చన్స్ అడగొద్దు ప్లీజ్, థర్మకోల్ కట్ చెయ్యి చాలు."

"అంత రాయి ఎక్కడినుంచి వచ్చింది? ఎవరు మోశారు? అక్కడ అంతకుముందు ఎవరుండేవారు? ఆ గదులు ఎవరు ఊడుస్తారు?"

ఇద్దరు పిల్లలూ నా మొహం వంక చూశారు. నేనూ ఆగిపోయాను. ఆ గొంతు నాది కాదు. అది వనజమ్మది. ముప్ఫై ఏళ్ళ కిందట నన్ను ఏ ప్రశ్నలతో చంపుకు తిందో అవే ప్రశ్నలతో నేను నా పిల్లల్ని చంపుకు తింటున్నాను.

వనజమ్మ కాడుగోడిలో రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఉండేది. ఎన్నో తరాల కిందటే బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు వాళ్ళు, ఆమె తెలుగులో సగం కన్నడం కలిసిపోయి ఉండేది. ఆమె బడి పంతులమ్మ కాదు. ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీర్లు గీసిన నక్షాల మీద పల్చటి కాగితం పరిచి, గీత మీద గీత దిద్దే ఉద్యోగం చేసి రిటైరైంది. ఒంటరి మనిషి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వీధిలోని పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి చదివించేది. నేను ఆ వీధి పిల్లను కాను. ఆమె ప్రహరీ గోడ మీద బొగ్గుతో లెక్కలు చేస్తూ పట్టుబడ్డాను. "గోడ పాడు చేసేదానికంటే లోపలికొచ్చి పలక మీద రాసుకోరాదా?" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఎవరి పిల్లవు, ఎక్కడుంటారు అని ఒక్క మాట అడగలేదు. నాకూ కావాల్సింది అదే.

ఎందుకంటే మేముండేది స్టేషను వెనక రేకుల షెడ్లలో. కదిరి వైపు నుంచి వచ్చిన కుటుంబాలు పది దాకా అక్కడ ఉండేవి, మగవాళ్ళందరూ రాళ్ళు కొట్టేవాళ్ళు. నాన్న కూడా. వరండాలో నా పక్కన కూర్చునే లత బ్యాంకు ఆఫీసరు కూతురు, గుండ్రటి కళ్ళద్దాలు పెట్టుకునేది. మొదటి రోజే అడిగింది, పద్మా, మీ నాన్న ఏం చేస్తారని. "బిల్డింగులు కట్టే కంపెనీలో సూపర్‌వైజరు, క్వార్టర్స్‌లో ఉంటాం" అన్నాను. అంత నున్నగా ఎలా వచ్చిందో ఆ అబద్ధం నాకు ఈనాటికీ తెలియదు. ఒకసారి చెప్పాక దాన్ని రోజూ మోయాల్సి వచ్చింది.

ఆ వరండాలో గోడకి ఒక పాత క్యాలెండరు బొమ్మ ఉండేది. రాష్ట్రపతి భవన్. వనజమ్మ తేదీల కాగితాలన్నీ చింపేసి బొమ్మ మాత్రం ఉంచుకుంది. ఆ ఏడాది జూన్‌లో ఆ బొమ్మ చూపించి మొదలుపెట్టింది పాఠం. ఒక వారంలో అయిపోతుందనుకున్నాం. దసరా సెలవులు వచ్చినా అవలేదు. ఆ భవనంలో మూడు వందల నలభై గదులున్నాయని చెప్పి, నోట్‌బుక్‌లో మూడు వందల నలభై గళ్ళు గీయమంది. స్కేలుతో. గీత వంకరపోతే ఆ పేజీ అంతా మళ్ళీ గీయాలి. తర్వాత రోజుకి రెండు మూడు గదులు, ఒక్కో గదిలో ఎవరుంటారో మేమే ఆలోచించి నింపాలి.

"ఈ గదిలో ఎవరుండారు?"

"రాష్ట్రపతి గారు."

"ఆయప్పకి ఒకటి చాల్దా? పక్క గదిలో ఎవరుండారు?"

రాష్ట్రపతి భార్య, పిల్లలు, వంటవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, క్షవరం చేసేవాళ్ళు, దీపాలు తుడిచేవాళ్ళు, ఇలా తడుముకుంటూ అరవయ్యో గదికి వచ్చేసరికి మా దగ్గర మనుషులు అయిపోయారు. లత తెలివిగా "ఈ గది ఖాళీ టీచరమ్మా" అంది. వనజమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఖాళీ గదిలో దుమ్ము పడదా? ఎవరు ఊడస్తారు? వాళ్ళ పేరు రాయి." అయిపోయింది. ఆ రోజు నుంచి తప్పించుకునే దారి కూడా మూసుకుపోయింది.

నాకు ఏడుపొచ్చేది. పక్క వీధిలో ట్యూషన్‌కి వెళ్ళే పిల్లలు భిన్నాలు పూర్తి చేసి దశాంశాలకు వెళ్ళారు. మేము నూట పన్నెండో గదిలో ఉన్నాం. పరీక్షలో ఎవరడుగుతారు నూట పన్నెండో గది సంగతి? ఒకరోజు ధైర్యం చేసి ఆ మాటే అన్నాను. "అడగరు" అంది ఆమె తాపీగా. "అందుకే నేను అడుగుతా ఉండాను." ఇలాంటి జవాబు చెప్పే మనిషితో ఏం వాదిస్తాం? పళ్ళు నూరుకుని నూట పదమూడో గడిలో తోటమాలి చెల్లెలిని కూర్చోబెట్టాను.

చరిత్ర కూడా ఆమె ఇప్పటి నుంచి వెనక్కి చెప్పేది. ఇప్పుడు రాష్ట్రపతి ఇల్లు. దానికి ముందు? ఇంగ్లీషు వైస్రాయి ఇల్లు. దానికి ముందు? గుట్ట. గుట్ట మీద, చుట్టుపక్కల? ఊళ్ళు, పొలాలు. ఆ ఊళ్ళవాళ్ళు ఎక్కడికి పోయారని అడిగేది. పుస్తకంలో లేదంటే విసుక్కునేది. "పుస్తకంలో లేకపోతే వాళ్ళు అన్నం తినలేదా, పిల్లల్ని కనలేదా? సుమ్మనే, ఊరికే రాసుకోని పోతే చరిత్ర ఐతాదా?" స్వాతంత్ర్యం వచ్చాక అక్కడ కాపురం పెట్టిన మొదటి మనవాడు వైస్రాయి పడకగది చూసి ఇంత పెద్దది నాకెందుకని చిన్న గదులకు మారాడట. ఆ సంగతి మాత్రం చాలా ఇష్టంగా చెప్పేది, ఆ గదులు తానే సర్దిపెట్టినట్టు.

ఒకసారి ఆ భవనం ముఖం ఎంత పొడవుంటుందో తెలియాలని మమ్మల్ని ఏడుగురినీ స్టేషనుకి తీసుకెళ్ళింది. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిపించింది. రైలు కోసం కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని మాకు దారి ఇచ్చారు. స్టేషను మాస్టరు బయటికొచ్చి ఏమిటిదని కేకలేశాడు. "రాష్ట్రపతి ఇల్లు కొలస్తా ఉండాము సార్, స్వల్ప జరగండి" అంది. ఆయన నిజంగానే జరిగాడు. నాకు మాత్రం ప్రాణం పోయినంత పనైంది. ప్లాట్‌ఫారం ఆ చివరికి వెళితే మా షెడ్లు కనిపిస్తాయి. తల వంచుకుని నడిచి అడుగుల లెక్క తప్పాను, మళ్ళీ మొదటి నుంచి నడవాల్సి వచ్చింది.

అలా అలా రాళ్ళ దగ్గరికి వచ్చాం. అంత పెద్ద రాళ్ళని ఎలా పగలగొట్టారు అని అడిగింది. ఒకరు బాంబుతో అన్నారు, ఇంకొకరు రంపంతో అన్నారు. నాకు తెలుసు. రాతికి పొర ఉంటుందని, ఆ పొర వెంట వరసగా చిన్న గుంతలు తొలిచి ఇనప చీలలు దిగ్గొడతారని, సమ్మెట దెబ్బకి చప్పుడు మారినప్పుడు రాయి పగలబోతోందని అర్థమని తెలుసు. అన్నం తింటూ వినే మాటలు అవి మా ఇంట్లో. అయినా పెదవి విప్పలేదు. సూపర్‌వైజరు కూతురికి అవన్నీ ఎలా తెలుస్తాయి? వనజమ్మ ఏడుగురి మొహాలూ చూసి, "సరే, తెలిసినోళ్ళనే అడగదాం" అంది. నేను దాన్ని పట్టించుకోలేదు.

మర్నాడు సాయంత్రం గేటు చప్పుడైతే తల ఎత్తాను. నాన్న.

తల తడిపి దువ్వుకున్నాడు. పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. చంకలో గుడ్డలో చుట్టిన ఉలులు. జరిగింది ఏమిటో తర్వాత అమ్మ చెబితే తెలిసింది. వనజమ్మ పనిచోటికి వెళ్ళి, పిల్లలకి రాతిపని చెప్పడానికి మాట్లాడగలిగే మనిషిని ఒకరిని పంపమని మేస్త్రిని అడిగిందట. ఆమె వెళ్ళిపోయాక ఏ ఇంటికో మేస్త్రి చెప్పగానే నాన్న లేచి నిలబడ్డాడట, మా పాప చదువుకునే ఇల్లే అని. నాకు చెప్పొద్దని, చూసి సంతోషపడుతుందని అమ్మతో అన్నాడట.

నేను సంతోషపడలేదు. నోట్‌బుక్ పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నాన్న మెట్ల దగ్గర చెప్పులు విడిచి, నవ్వుతూ నా వైపు ఒక్క అడుగు వేశాడు. సరిగ్గా అప్పుడే లత అడిగింది. చెడ్డగా అడగలేదు, మర్యాదగానే అడిగింది.

"మీరు పద్మ వాళ్ళ నాన్న దగ్గర పని చేస్తారా? వాళ్ళ నాన్న కూడా ఇలాంటి కంపెనీలోనే సూపర్‌వైజరు."

నాన్న ఆగిపోయాడు. నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను నోట్‌బుక్ దించలేదు.

"అవు పాపా," అన్నాడు. "ఆ సారు కిందనే పని."

ఇన్నేళ్ళలో ఆ వాక్యం నా చెవిలో వినపడని వారం లేదు. నాన్న గొంతులో కోపం లేదు. నిజంగానే అలాంటి సారు ఒకడున్నట్టు, ఆయన మంచివాడే అన్నట్టు పలికాడు. తర్వాత నేల మీద చతికిలబడి పాఠం చెప్పాడు. గుడ్డ విప్పి ఒక్కో ఉలి చూపించాడు. చిన్న రాయి తీసి చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు, పిల్లలందరి చెవుల దగ్గరా తట్టి వినిపించాడు. నా దగ్గరికి కూడా వచ్చాడు, వేరే పిల్లల దగ్గరికి వచ్చినట్టే. నా చెవి పక్కన రెండుసార్లు తట్టి, "ఇన్నావా పాపా?" అని ముందుకు వెళ్ళాడు.

చివరికి రాయి తిరగేసి ఒక పక్కన గుర్తు చెక్కాడు. రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క. తన గుర్తు అదేనని, తాను చెక్కిన ప్రతి రాయికీ అది పెడతానని, అది గోడ లోపలి వైపుకి పోతుందని చెప్పాడు.

"లోపలికి పోతే ఎవరికీ కనపడదు కదా?" అంది లత.

"కనపడేదానికి కాదు పాపా. గోడ కట్టేటప్పుడు రాయి కుదరకపోతే మేస్త్రి నన్నే పిలవాల. నేను చేసిన తప్పుకి ఇంగొకడు తిట్లు తినకూడదు."

వనజమ్మ అంతసేపూ ఒక్క ప్రశ్న వేయలేదు. నేనెరిగినంతలో అదే మొదటిసారి. ఆమె చూపు నాన్న మీద నుంచి నా నోట్‌బుక్ మీదకి, అక్కడి నుంచి మళ్ళీ నాన్న మీదకి పోయి ఆగింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు నాన్న ముందు, నేను పదడుగుల వెనక. రైలు గేటు దగ్గర ఆగి నేను వచ్చేదాకా నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. "ఆ కండ్లద్దాల పాప భలే అడుగుతాది ప్రశ్నలు" అన్నాడు. అంతే. అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వారమే గదుల లెక్క పూర్తయింది. చివరి గదికి వనజమ్మ కొత్త నియమం పెట్టింది. మూడు వందల నలభయ్యో గదిలోకి ఎవరింటి నుంచి వాళ్ళు ఒక మనిషిని పంపాలి. లత వాళ్ళ నాన్నని పంపింది. ఒకరు నాయనమ్మని పంపారు. నా గడి ఖాళీగా ఉండిపోయింది. సూపర్‌వైజరు అని రాయడానికి చెయ్యి రాలేదు, నిజం రాయడానికి ధైర్యం రాలేదు. వనజమ్మ నోట్‌బుక్ చూసింది, ఖాళీ గదిని ఎవరు ఊడుస్తారని నన్ను అడగలేదు. మూసి తన దగ్గరే పెట్టుకుంది.

నాకు ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన సంవత్సరం స్వీట్లు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆమెకు చూపు మందగించింది. బొమ్మ మాత్రం గోడకి అలాగే ఉంది. చాలాకాలంగా దాచుకున్న ప్రశ్న అడిగాను, ఆ భవనం లోపలికి మీరు ఎప్పుడు వెళ్ళారని.

"నేనా? నేను ఢిల్లీకే పోలేదు కదా పాపా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆరు నెలలు మా ప్రాణాలు తోడేసి, స్టేషనులో నడిపించి, తోటమాలి చెల్లెళ్ళ దాకా లెక్క చెప్పించుకున్న మనిషి ఆ గేటు కూడా చూడలేదు! ఆ కోపంలోనే రెండో ప్రశ్న కూడా బయటికి వచ్చేసింది. "ఆయన మా నాన్న అని తెలిసే పిలిచారా?"

ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"తెలిసింటే పిలుస్తానా? ఆయప్ప నీ తట్టు చూసినప్పుడు తెలిసింది. అప్పటికే లత అడిగేసినాది." చేత్తో తడుముకుని నా మణికట్టు పట్టుకుంది. "యాడనో ఢిల్లీలో ఇంటికి మూడు వందల నలభై గదులు అడిగినాను. నా ముందర కూర్చున్న పాప ఇల్లు యాడుండాదని ఒక్కసారి అడగలేదు. నాది తప్పు."

పెద్దవాళ్ళు ఎవరైనా నాతో ఆ మాట అనడం అదే మొదలు. తప్పు నాది అని నేను కూడా అనాల్సింది. అనలేదు. ఆమె లోపలికి వెళ్ళి నా పాత నోట్‌బుక్ తెచ్చి ఇచ్చింది. తీసుకుని వచ్చేశాను. తర్వాత రెండేళ్ళకి ఆమె పోయింది. నాన్నకి చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఉద్యోగం వచ్చినప్పుడు, పెళ్ళప్పుడు, ఆయన దగ్గుతో ఆసుపత్రిలో పడుకున్నప్పుడు. ప్రతిసారీ ఆయన ఇంకేదో మాట ఎత్తేవాడు, నేను హాయిగా ఆ మాటలోకి జారుకునేదాన్ని. నాన్న పోయి ఆరేళ్ళు. క్షమించమని అడగడానికి ఇప్పుడు మనిషి లేడు.

పైన మిషను ఆగింది. అమూల్య నన్ను అనుమానంగా చూస్తోంది. నేను థర్మకోల్ వదిలేసి రాళ్ళకి పొరలుంటాయని, చీలలు దిగ్గొడతారని ఎప్పటి నుంచి చెబుతున్నానో నాకే తెలియదు.

"నీకిదంతా ఎలా తెలుసు? తాత కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సూపర్‌వైజర్ కదా?" అంది.

ఆ మాట నా పిల్లలకి ఎవరు చెప్పారు? నేనే. ఎప్పుడో, ఏదో స్కూలు ఫారం నింపుతూ, తేలిగ్గా. పదకొండేళ్ళప్పుడు భయపడి చెప్పాను, సరే. ముప్ఫై దాటాక ఎవరికి భయపడ్డాను? నా మీద నాకు ఎంత చిరాకు వేసిందంటే, చేతిలో కత్తెర టేబుల్ మీద విసిరికొట్టాను.

"సూపర్‌వైజరు కాదు. రాళ్ళు కొట్టేవాడు. నేను మీకు అబద్ధం చెప్పాను."

లోపలికి వెళ్ళి బీరువా అడుగు నుంచి నోట్‌బుక్ తెచ్చాను. పిల్లలిద్దరూ రెండు పక్కలా చేరారు. మూడు వందల నలభై గళ్ళు, పదకొండేళ్ళ చేతిరాతలో వంటవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, తోటమాలి చెల్లెలు. అందరికీ చోటు దొరికింది. చివరి గడి తెల్లగా ఉంది. టేబుల్ మీదున్న అమూల్య పెన్సిల్ తీసుకుని పేరు రాద్దామనుకున్నాను. కానీ ఆయన తన పేరు ఎప్పుడూ రాయలేదు, ఆయనకి రాయడం వచ్చేది కాదు. రెండు గీతలు గీశాను. ఒకటి కాస్త వంకరపోయింది. వనజమ్మ అయితే పేజీ అంతా మళ్ళీ గీయమనేది. గీతల మధ్య చుక్క పెట్టాను.

"ఇదెవరమ్మా?" అంది ఆద్య.

"మా నాన్న," అన్నాను.